మూవ్‌మెంట్ జాయింట్ పక్కన కావిటీ గోడ గట్టిగా నిలబడాలంటే ఏం చేయాలి?

"అన్నా, మూవ్‌మెంట్ జాయింట్ దగ్గర కూడా టైలు మామూలు లెక్కనే పెడితే సరిపోతుందా?" ఇంగ్లండ్‌లో సైట్ ఇంజనీరుగా చేరిన మన పిల్లలు మొదటి నెలలోనే ఫొటో తీసి పంపి అడిగే ప్రశ్న ఇది. మూవ్‌మెంట్ జాయింట్ అంటే గోడ ఉబ్బినా కుంచించుకున్నా పగలకుండా నిలువుగా వదిలే సందు. టై అంటే నేల మీద పరిచే టైలు కాదు, గోడ రెండు పొరలనూ కలిపి పట్టే స్టీలు ముక్క. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్లది ఇంకో ప్రశ్న: "ఇటుక గోడలో పైనుంచి కిందిదాకా నిలువుగా గీత ఉంది, పగులా?" ఒక్కొక్కరికీ విడిగా రాసి పంపే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను.

మన ఊళ్లలో కాలమ్స్, బీములు పోసి మధ్యలో గోడ కడతాం. బరువు ఫ్రేమ్ మోస్తుంది. బ్రిటన్‌లో మామూలు ఇంటి గోడ అలా ఉండదు. బయట సుమారు 100 మి.మీ. మందం ఇటుక పొర, లోపల బ్లాకు పొర, రెండింటి నడుమ ఖాళీ (దీన్నే కావిటీ అంటారు), ఆ ఖాళీలో ఇన్సులేషన్. బయటి పొర సన్నం. గాలి తోసినా లాగినా దాన్ని లోపలి పొరకు పట్టి ఉంచేవి స్టెయిన్‌లెస్ స్టీల్ వాల్ టైలు మాత్రమే. అందుకే మన ఊళ్లలో పని నేర్చుకుని వచ్చినవాళ్లకు మొదట్లో టై విలువ తెలియదు. నాకూ తెలియలేదు.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. జాయింట్ పెట్టామంటే గోడను నిలువునా కోసినట్టే. కోసిన చోట రెండు కొత్త అంచులు వస్తాయి. ఆ రెండూ కిటికీ పక్క అంచులాంటివే, పక్కన ఆసరా ఉండదు. కాబట్టి ఏ అంచుకు ఆ అంచును లోపలి పొరకు గట్టిగా కట్టాలి. ఒక అంచును ఇంకో అంచుకు మాత్రం బిగించకూడదు. కింద రాసినవన్నీ ఈ రెండు పనుల కోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- జాయింట్లు ఎక్కడెక్కడో గుర్తు పెట్టిన డ్రాయింగ్. లేకపోతే పని ఆపి అడగండి. మేస్త్రి అంచనాకు వదలొద్దు.
- కావిటీ వెడల్పుకు సరిపోయే పొడవున్న స్టెయిన్‌లెస్ టైలు. 100 మి.మీ. కావిటీకి మామూలుగా 225 మి.మీ. టై, 150 మి.మీ. కావిటీకి 275 మి.మీ. టై వాడతారు. జాయింట్ల కోసం లెక్కకు మించి ఒక పెట్టె తెప్పించండి.
- జాయింట్‌లో పెట్టడానికి మెత్తటి పాలిథిన్ ఫోమ్ పట్టీ. గాలి బుడగలు ఒకదానికొకటి విడిగా ఉండే రకం, నీళ్లు పీల్చనిది.
- బయటి ముఖానికి సాగే గుణమున్న సీలెంట్, తయారీదారు అడిగితే ప్రైమర్, మాస్కింగ్ టేపు.
- రసమట్టం, టేపు, జాయింట్ వెడల్పున్న నున్నటి చెక్క బద్ద, టార్చి, పాత హాక్సా బ్లేడు.

1. చోటు ఖాయం చేసుకోండి

కాల్చిన మట్టి ఇటుక అయితే జాయింట్‌కూ జాయింట్‌కూ మధ్య దూరం 12 మీటర్లు దాటకుండా చూస్తాం. మూల దగ్గర గోడ తిరుగుతుంది కాబట్టి మూల నుంచి మొదటి జాయింట్ అందులో సగంలోపే, అంటే 6 మీటర్లలోపు రావాలి. కాల్షియం సిలికేట్ ఇటుకకు 7.5 నుంచి 9 మీటర్లు. కాంక్రీటు ఇటుకకు, బ్లాకుకు సుమారు 6 మీటర్లు.

ఈ తేడా ఎందుకంటే, బట్టీ నుంచి వచ్చిన మట్టి ఇటుక గాలిలోని తేమ పీల్చుకుంటూ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. కాంక్రీటు బ్లాకు ఎండేకొద్దీ కుంచించుకుంటుంది. ఒకటి తోస్తుంది, ఇంకోటి లాగుతుంది. ఇంతకుమించి సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

గోడ ఎత్తు మారే చోటు, మందం మారే చోటు జాయింట్‌కు అనువైనవి. వాన నీటి గొట్టం వెనక పెడితే కంటికీ కనపడదు. కిటికీకీ జాయింట్‌కూ మధ్య ఇరుకు ముక్క మిగిలేలా మాత్రం పెట్టొద్దు. ఆ ముక్కకు రెండు వైపులా ఆసరా లేక, పైన లింటెల్ బరువు కూడా పడి ఇబ్బంది వస్తుంది. డ్రాయింగ్‌లో అలాగే ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫోన్ చేయండి. లింటెల్ చివర జాయింట్‌ను దాటుతున్నా అంతే, మీ అంతట మీరు నిర్ణయించొద్దు.

ఇంటి లోపలి పొరను అడ్డగోడలు మధ్యమధ్యలో విడగొడతాయి కాబట్టి అందులో జాయింట్ అవసరం తక్కువగా వస్తుంది. అడ్డగోడ లేకుండా 6 మీటర్లు దాటిన గది ఉంటే అడగండి.

2. వెడల్పు లెక్క కట్టండి

మట్టి ఇటుకకు సులువైన లెక్క ఉంది. జాయింట్ల మధ్య దూరం ఎన్ని మీటర్లో అన్ని మిల్లీమీటర్లు తీసుకుని, దానికి 30 శాతం కలపండి. 12 మీటర్లకు 12, పైన ఇంకో 3.6, అంటే 16 మి.మీ. చాలామంది మాలు సందు 10 మి.మీ. ఉంటుంది కదా అని దీన్నీ 10కే సరిపెడతారు, చూడ్డానికి బాగుంటుందని. కాంక్రీటు బ్లాకుకు 10 చాలు, మట్టి ఇటుకకు చాలదు. ఇటుక ఉబ్బేసరికి ఫోమ్ నలిగిపోయి, సీలెంట్ నాలుకలా బయటికి పొడుచుకొస్తుంది.

3. అంచులు నిటారుగా లేపండి

డీపీసీ (నేల తేమ గోడలోకి ఎక్కకుండా అడుగున వేసే పొర) మీద నుంచి పైదాకా జాయింట్ ఒకే తిన్నటి గీతలా పోవాలి. వరుస మార్చి వరుసకు అంచున సగం ఇటుక వస్తుంది. ఆ సగం ఇటుకను కోసిన ముఖం మాలు వైపు, కంపెనీ నుంచి వచ్చిన నున్నటి ముఖం జాయింట్ వైపు ఉండేలా పెట్టించండి. కోసిన గరుకు ముఖానికి సీలెంట్ సరిగా అంటుకోదు, దుమ్ము రాలుతుంది. మేస్త్రికి ఇది చిన్న పనే, చెప్పకపోతే మాత్రం ఎవరూ చేయరు.

చెక్క బద్దను జాయింట్‌లో నిలబెట్టి దానికి ఆనించి రెండు వైపులా కడితే వెడల్పు మారదు. ప్రతి నాలుగు వరుసలకూ బద్దను పైకి జరపండి. రోజుకు 1.5 మీటర్ల ఎత్తు దాటొద్దు. పచ్చి గోడ గాలికి కదిలితే ఆ అంచులే ముందు వంగుతాయి.

4. టైలు: అసలు పని ఇదే

మామూలు గోడలో టైలు అడ్డంగా 900, నిలువుగా 450 మి.మీ. దూరంలో, ఒక వరుసకూ పై వరుసకూ స్థానం మారుస్తూ పెడతాం. చదరపు మీటరుకు 2.5 టైలు. జాయింట్ దగ్గర ఆ లెక్క చెల్లదు. జాయింట్‌కు రెండు పక్కలా, అంచు నుంచి 225 మి.మీ.లోపు, నిలువుగా 300 మి.మీ. మించని దూరంలో టైలు రావాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 300 అంటే నాలుగు ఇటుక వరుసలు. కానీ లోపలి బ్లాకు మాలుతో కలిపి 225 మి.మీ., అంటే మూడు ఇటుక వరుసలు. నాలుగో వరుసలో టై పెడదామంటే లోపల బ్లాకు నడుము తగులుతుంది, సందు ఉండదు. అందువల్ల ప్రతి బ్లాకు వరుసకూ, అంటే 225కు ఒక టై పెట్టడమే దారి. మేస్త్రికి "300" అని చెప్పొద్దు. "జాయింట్‌కు ఇటూ అటూ ప్రతి బ్లాకు మీదా ఒకటి" అని చెప్పండి. ఆ మాట మర్చిపోరు. 2.4 మీటర్ల అంతస్తుకు ఒక్కో పక్క సుమారు 10 టైలు వస్తాయి. పరంజా మీద నిలబడి లెక్కపెట్టండి. ఐదో ఆరో కనపడ్డాయంటే 450 లెక్కనే వేసుకుంటూ పోయారన్నమాట.

225లోపు అన్నారు కదా అని అంచుకు ఆనించి పెట్టొద్దు, ఇటుక చివర చిట్లుతుంది. నేను అంచు నుంచి 100-150 మి.మీ. మధ్య పెట్టిస్తాను.

టై పెట్టే తీరు కూడా అంతే ముఖ్యం:

- ముందు మాలు పరవాలి, దాని మీద టై పెట్టి నొక్కాలి, పైన మళ్లీ మాలు. కట్టేసిన సందులోకి టైను తర్వాత గుచ్చితే అది పట్టుకోదు.
- రెండు పొరల్లోనూ కనీసం 50 మి.మీ. లోపలికి దిగాలి.
- టై నడుమ ఉన్న నీటి వంపు (నీరు బొట్టుగా కింద పడే చోటు) కిందికి చూడాలి, కావిటీ మధ్యలో ఉండాలి.
- టై సమంగా ఉండాలి, లేదా బయటి వైపుకు కొద్దిగా వాలాలి. లోపలికి వాలితే వాన నీరు దాని మీదుగా ఇంట్లోకి నడుస్తుంది.
- వరుసలు కలవలేదని టైను వంచి సరిపెట్టొద్దు.

ఆ 50 మి.మీ. దగ్గర కాస్త ఆగాలి. 225 టై, 100 కావిటీ అయితే మిగిలేది 125. రెండు వైపులా 62 చొప్పున దిగుతుంది, బాగుంది. అదే సైట్‌లో కావిటీ 130కి పెరిగిపోతే మిగిలేది 95, ఒక్కో వైపు 47. పోనీ ఒకవైపు ఎక్కువ దిగిందా, రెండో వైపు 30 కూడా ఉండదు. బయటి నుంచి చూస్తే గోడ అద్దంలా ఉంటుంది.

2016 జనవరి 29 తెల్లవారుజామున గెర్‌ట్రూడ్ తుఫాను గాలికి ఎడిన్‌బరోలోని ఆక్స్‌గ్యాంగ్స్ ప్రైమరీ స్కూల్ గోడ బయటి పొర కూలింది, సుమారు 9 టన్నులు. పిల్లలు ఇంకా రాని వేళ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఏప్రిల్ నాటికి ఆ నగరంలో 17 స్కూళ్లు మూసి గోడలు పరీక్షించాల్సి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన జాన్ కోల్ విచారణ నివేదిక, టైలు గోడలోకి తగినంత దిగకపోవడాన్ని స్పష్టంగా ఎత్తిచూపింది. అక్కడ టై పెట్టిన మేస్త్రి ఉన్నాడు, చూడాల్సినవాళ్లు ఉన్నారు. ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. ఆ ఉదయం గంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

లోపల బ్లాకు కాకుండా చెక్క ఫ్రేమ్ ఉన్న ఇల్లయితే దానికి తగ్గ టైలు వేరే ఉంటాయి. వాటిని నిలువు చెక్కకే బిగించాలి, పైన కొట్టిన షీటుకు కాదు. జాయింట్‌కు రెండు పక్కలా చెక్క ఉండకపోతే టై బిగించే చోటే ఉండదు. కాబట్టి ఫ్రేమ్ తయారుచేసేవాళ్లకు జాయింట్ల చోట్లు ముందే చెప్పి అదనపు చెక్కలు పెట్టించండి.

5. జాయింట్‌ను దాటి ఏదీ పోనివ్వొద్దు

మాలు సందుల్లో ఇనుప జాలీ వేసే గోడల్లో ఆ జాలీ జాయింట్ దగ్గర తెగాలి. రైలింగు, గుర్తుల బోర్డు వంటివి రెండు అంచులకూ కలిపి బిగించొద్దు. అన్నిటికంటే ఎక్కువగా దాటేది మాలే. ఫోమ్ వెనక్కి జారిన మాలు గట్టిపడి రెండు అంచులనూ రాయిలా కలిపేస్తుంది. అలా అరచేతి మందం మాలు ఒక్కచోట మిగిలినా ఉబ్బే గోడ బలమంతా అక్కడే పడి ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. రోజూ పని ముగిశాక హాక్సా బ్లేడును జాయింట్‌లో పైనుంచి కిందికి లాగండి. ఎక్కడ తట్టుకుందో అక్కడ మాలు ఉన్నట్టే. పచ్చిగా ఉన్నప్పుడు రెండు నిమిషాల పని. వారం దాటితే ఉలి కావాలి.

రెండు వైపులూ ముందుకూ వెనక్కీ విడివిడిగా జరక్కుండా ఉండాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి, విడిగా నిలబడే గోడలు, పారపెట్ గోడల వంటివి. అక్కడ ఇంజనీరు జారే టైలు రాస్తారు. వాటికి ఒక సగం మాలులో పట్టుకుంటుంది, రెండో సగానికి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. గోడ పొడవునా జరగనిస్తుంది, పక్కకు తొలగనివ్వదు. తొడుగు పారేసి పెడితే అది మామూలు ఇనుప ముక్క, జాయింట్ పెట్టీ లాభం లేదు. తొడుగు చివర కొద్దిగా ఖాళీ వదలడం మరవొద్దు. డ్రాయింగ్‌లో లేకుండా సొంతంగా వీటిని వాడకండి.

6. ఫోమ్ పెట్టండి

గోడ లేపుతూనే ఫోమ్ కూర్చుకుంటూ పోవచ్చు, లేదా బద్ద తీసి తర్వాత దూర్చొచ్చు. కూర్చుకుంటూ పోతే మాలు లోపలికి పడదు, నాకు అదే ఇష్టం. ముఖం నుంచి సీలెంట్‌కు కావాల్సినంత లోతు వదలండి.

సరైన సరుకో కాదో చేత్తోనే తెలుస్తుంది. రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే సులువుగా సగానికి నలగాలి, వదిలితే తిరిగి లేవాలి. ఫైబర్ బోర్డు, కార్కు వంటి గట్టి పట్టీలు మట్టి ఇటుక జాయింట్‌లో పెట్టొద్దు. అవి కుంచించుకునే కాంక్రీటు బ్లాకు జాయింట్‌లో నడుస్తాయి గానీ, ఉబ్బే ఇటుకకు మాత్రం గోడకు గోడ అడ్డం పెట్టినట్టే.

7. సీలెంట్ పట్టించండి

మాలు ఆరి, అంచులు పొడిగా ఉన్న రోజు చూసుకోండి. బ్రిటన్‌లో అది దొరకడమే కష్టం, తెలుసు. అయినా తడి ఇటుక మీద పెడితే శీతాకాలం తిరిగేసరికి ఊడుతుంది. దుమ్ము బ్రష్‌తో తీసి, రెండు వైపులా టేపు వేసి, అవసరమైతే ప్రైమర్ రాయండి.

సీలెంట్ రెండు ఇటుక అంచులకే అంటుకోవాలి, వెనక ఉన్నదానికి అంటకూడదు. మూడు వైపులా అంటితే సాగలేక మధ్యలో చిరుగుతుంది. పాలిథిన్ ఫోమ్‌కు మామూలుగా సీలెంట్ అంటదు. అంటుకునే రకమైతే మధ్యలో పల్చటి టేపు వేయాలి. లోతు కనీసం 10 మి.మీ. ఉండాలి. పెట్టాక పనిముట్టుతో నొక్కి అంచులకు పట్టేలా నున్నగా లాగండి.

ఎక్కువగా కనిపించే తప్పులు

నేను పనిచేసిన ఒక సైట్‌లో గేబుల్ గోడ (ఏటవాలు కప్పు కింద కొస తేలే పక్క గోడ) లేచింది, జాయింట్ సన్నగా తిన్నగా ఎంతో అందంగా వచ్చింది. పరంజా మీద అటు వెళ్తూ ఊరికే అంచు మీద చెయ్యి వేశాను. కదిలింది. గోడ కాదు, ఆ అంచున ఉన్న నాలుగైదు వరుసలు, కంటికి కనపడనంత. బోరోస్కోప్ (సన్నటి రంధ్రంలోంచి లోపల చూపించే చిన్న కెమెరా) పెట్టి చూస్తే ఎడమ పక్క టైలు సరిగ్గానే ఉన్నాయి. కుడి పక్క మూడు వరుసల్లో టైలు బ్లాకులో ఉన్నాయి గానీ, బయటి ఇటుక వచ్చేసరికి కిందికి వంచి వదిలేశారు. ఎడమ పక్క ఒక జట్టు, కుడి పక్క ఇంకో జట్టు కట్టింది. ఎవరి పక్క వాళ్లు చూసుకున్నారు, జాయింట్ ఎవరిదీ కాలేదు. అప్పటి నుంచి జాయింట్‌కు ఇరువైపులా రెండు మీటర్ల మేర ఒకే జట్టుకు ఇప్పిస్తాను.

మిగతావి: జాయింట్‌కు ఒక పక్కనే అదనపు టైలు పెట్టడం. ఇన్సులేషన్ పలక సరిగా కూర్చోలేదని టై పీకేయడం. డీపీసీ దాకా వచ్చిన జాయింట్‌ను కింద రెండు వరుసలు మాలుతో కప్పేయడం. ఇంటివాళ్ల విషయంలో అయితే అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటుంది. సీలెంట్ పాతబడి ఊడిన జాయింట్‌ను పగులనుకుని సిమెంటు కూరిస్తారు. దయచేసి అలా చేయించొద్దు. ఆ నిలువు గీత గోడ ఊపిరి తీసుకునే చోటు. పాత సీలెంట్ తీయించి కొత్తది పట్టించడమే మందు.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

ప్రతి రోజు లేపిన ఎత్తుకూ, కావిటీ మూసుకునేలోపే, మూడు ఫొటోలు తీయండి: కావిటీ వెడల్పు మీద టేపు, అంచు నుంచి టైకి దూరం మీద టేపు, టార్చి వేసి పైనుంచి కావిటీ లోపలికి. ఫొటోలో తేదీ, జాయింట్ నంబరు కనపడాలి. మూసుకున్న గోడకు ఇంతకుమించిన సాక్ష్యం ఉండదు.

కట్టిన గోడ మీద అనుమానం వస్తే, స్టెయిన్‌లెస్‌ను పట్టే డిటెక్టర్‌తో టైల చోట్లు సుద్దతో గుర్తు పెట్టండి. జాయింట్‌కు ఇరువైపులా 225కు ఒక చుక్క వరుసగా రావాలి. చుక్కలున్నంత మాత్రాన దిగుడు ఉన్నట్టు కాదు. మాలు సందులో చిన్న రంధ్రం చేసి బోరోస్కోప్‌తో చూడాల్సిందే.

టై లేకపోతే? గోడ విప్పక్కర్లేదు, చాలాసార్లు. బయటి నుంచి రెండు పొరల్లోకీ రంధ్రం వేసి మెలితిరిగిన స్టెయిన్‌లెస్ టై కొట్టడమో, రెసిన్‌తో పట్టించడమో చేస్తారు. ఏ రకమో ఎన్నో ఇంజనీరు చెప్పాలి, కొన్నింటిని లాగి పరీక్షించాలి.

జాయింటే మరిచిపోయి గోడ కట్టేస్తే డైమండ్ బ్లేడుతో కోయొచ్చు. అప్పుడు వరుస తప్పకండి. ముందు కోయబోయే గీతకు రెండు పక్కలా టైలు కొట్టించి, అవి పట్టుకున్నాయని పరీక్షించాకే బ్లేడు పెట్టించండి. ముందు కోసి తర్వాత టైలు కొడదామంటే, ఆ మధ్య గంటల్లో మీ మనుషులు పరంజా మీద ఆసరా లేని రెండు అంచుల పక్కనే నిలబడి ఉంటారు.